చిన్న తూము, పెద్ద కాలువ: క్లోమంలోని పుట్టుక తేడాలను స్కాన్‌లో ఎలా చదువుతాం

ఎమ్మార్సీపీ గది బయట కూర్చున్న పేషెంటు చేతికి టెక్నీషియన్ అనాస పండు జ్యూస్ డబ్బా ఇస్తాడు. ఐదారు గంటలు ఏమీ తినకుండా రమ్మని ముందురోజే చెప్పి, తీరా స్కాన్‌కి కాస్త ముందు జ్యూస్ తాగమంటే ఎవరికైనా అనుమానమే. "ఖాళీ కడుపుతో ఉండమన్నారు కదండీ?" అని కొందరు, "నాకు షుగరుంది, ఫర్వాలేదా?" అని ఇంకొందరు. నీరసంగా ఉన్నారని జాలిపడి ఇచ్చే జ్యూస్ కాదది. అనాస రసంలో మాంగనీస్ ఎక్కువ. ఎమ్మార్సీపీ అంటే ఎమ్మారై యంత్రంతోనే తీసే ఒక రకం స్కాన్. అందులో నిలకడగా ఉన్న నీరంతా తెల్లగా వెలుగుతుంది, మిగతాదంతా నల్లబడిపోతుంది. మాకు కావలసిందేమో రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి కాలువ. దాని పక్కనే జీర్ణాశయం చెరువులా తళతళలాడుతుంటే కాలువ ఎక్కడ కనబడుతుంది? మాంగనీస్ ఆ చెరువును చీకటి చేస్తుంది. అన్నిచోట్లా ఇవ్వరు కానీ, ఇచ్చిన రోజు బొమ్మ తేడా చూస్తే ఆ పండు మీద గౌరవం పెరుగుతుంది.

ఆ సన్నటి కాలువే క్లోమ నాళం. క్లోమం, అంటే ప్యాంక్రియాస్, జీర్ణాశయం వెనక వెన్నెముకకు అడ్డంగా పడుకుని ఉండే జానెడు గ్రంథి. రోజుకు దాదాపు లీటరున్నర జీర్ణరసం తయారుచేసి ఈ కాలువ ద్వారా చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి వదులుతుంది. ఇన్సులిన్‌ను మాత్రం నేరుగా రక్తంలోకే పంపుతుంది.

కొన్నాళ్ల కిందట ముప్పై దాటిన ఒకాయన తన రిపోర్టును ఫోన్‌లో ఫొటో తీసి తెచ్చి చూపించారు (వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను). కడుపునొప్పితో ఆస్పత్రిలో చేరారు, క్లోమం వాచిందన్నారు, తగ్గింది. తర్వాత తీసిన ఎమ్మార్సీపీ రిపోర్టు చివర 'ప్యాంక్రియాస్ డివైజమ్' అని ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే 'పుట్టుకతో వచ్చే లోపం' అని తేలింది. ఇంట్లో అందరికీ టెన్షన్. "పిల్లలక్కూడా స్కాన్ తీయించాలా డాక్టర్ గారూ?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. జబ్బు సంగతి రెండోది.

క్లోమంలో పుట్టుకతో వచ్చే తేడాలను పట్టుకోవడం ఈ రోజుల్లో పెద్ద కష్టం కాదు. యంత్రాలు అంత బాగున్నాయి. దొరికిన తేడాకూ పేషెంటు బాధకూ సంబంధం ఉందా లేదా అన్నదే అసలు చిక్కు. కొన్ని తేడాలు పేరు వినడానికి భయపెడతాయి, జీవితమంతా ఏమీ చేయవు. కొన్ని కిక్కురుమనకుండా ఉంటాయి, వాటినే వదిలేయకూడదు.

రెండు మొగ్గలు ఒక్కటయ్యే వేళ

ఇదంతా అర్థం కావాలంటే తల్లి కడుపులో నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఏం జరుగుతుందో చూడాలి. క్లోమం ఒక్క ముద్దగా పుట్టదు. పేగు కాబోయే గొట్టానికి వెనకవైపు ఒక మొగ్గ, ముందువైపు ఒక మొగ్గ వేస్తుంది. వెనక మొగ్గ పెద్దది. ముందు మొగ్గ చిన్నది, పైత్యరస నాళంతో (కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు తెచ్చే గొట్టంతో) జంటగా పుడుతుంది. పేగు మెలితిరిగేటప్పుడు ఈ చిన్న మొగ్గ కుడివైపు నుంచి చుట్టి వెనక్కి వచ్చి, పెద్ద మొగ్గకు కింద చేరుతుంది. ఏడో వారం ప్రాంతంలో రెండూ అతుక్కుంటాయి. తల భాగంలోని కింది సగం చిన్న మొగ్గది. తల పైభాగం, నడుము, తోక పెద్ద మొగ్గవి.

అతుక్కున్నాక వాటి కాలువలు కూడా కలుస్తాయి. తోక నుంచి వచ్చే పెద్ద కాలువ తల దగ్గరికి రాగానే దారి మార్చుకుని చిన్న మొగ్గ కాలువలో కలుస్తుంది, అక్కణ్ణుంచి పైత్యరస నాళంతో కలిసి పెద్ద తూము, అంటే పేగు గోడలోని పెద్ద రంధ్రం, గుండా పేగులోకి దిగుతుంది. పెద్ద మొగ్గకు మొదట ఉన్న సొంత తూము, పెద్ద తూముకు సుమారు రెండు సెంటీమీటర్ల పైన, చిన్నగా మిగిలిపోతుంది. కొందరిలో పూర్తిగా పూడిపోతుంది. గోదావరి, కృష్ణా కాలువల కింద పెరిగినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది: నీరంతా కొత్త లాకు వైపు మళ్లాక పాత తూము పూడిపోతుంది కదా.

పెద్ద కాలువకు 'విర్సుంగ్ నాళం' అని పేరు. జర్మనీ నుంచి ఇటలీలోని పాదువాకు వచ్చి స్థిరపడ్డ యోహాన్ జార్జ్ విర్సుంగ్ 1642లో ఉరిశిక్ష పడ్డ ఒక మనిషి శవాన్ని కోస్తుండగా దీన్ని గమనించాడు. వ్యాసం రాయలేదు. రాగి పలక మీద బొమ్మ చెక్కించి, అచ్చు తీయించి, ఐరోపాలోని పెద్ద శరీరశాస్త్రవేత్తలకు పంపి, ఇది ధమనా సిరా, దీని పనేమిటి అని అడిగాడు. ఆ మరుసటి ఏడాదే తన ఇంటి ముందే హత్యకు గురయ్యాడు. చిన్న తూముకు వెళ్లే పాత కాలువ పేరు 'సాంతోరిని నాళం'. వెనిస్‌కు చెందిన జొవాన్ని దొమెనికో సాంతోరిని 1737లో చనిపోతే, ఆయన గీయించిన బొమ్మలు 1775లో గానీ అచ్చు కాలేదు. మేం ఇవాళ ఎమ్మార్సీపీలో చూసేది కూడా విర్సుంగ్ రాగి పలక మీది బొమ్మ లాంటిదే. కత్తి లేకుండా బతికున్న మనిషిలో చూడగలుగుతున్నాం, అంతే తేడా.

కాలువలు కలవకపోతే

ముందు మొగ్గ చుట్టి వచ్చింది, గ్రంథి అతుక్కుంది, కానీ లోపలి కాలువలు మాత్రం కలవలేదు. అదే డివైజమ్. అప్పుడు క్లోమంలో తయారయ్యే రసంలో సింహభాగం సాంతోరిని కాలువ గుండా ఆ చిన్న తూములోంచే దిగాలి. విర్సుంగ్ కాలువ తల కింది భాగం రసాన్ని మాత్రమే మోస్తూ పొట్టిగా మిగులుతుంది.

అరుదైనదా? శవపరీక్షల లెక్కల ప్రకారం నూటికి 5 నుంచి 10 మందిలో ఉంటుంది. రెండు వందల మంది వచ్చిన పెళ్లి పందిట్లో కనీసం పది మందికి ఉండొచ్చన్నమాట. వాళ్లలో అత్యధికులు, నూటికి 95 మంది పైనే, ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిపేస్తారు. అందుకే 'లోపం' అనే మాట దీనికి కాస్త బరువైనదే అంటాను.

ఎమ్మార్సీపీలో దీని గుర్తు స్పష్టంగా ఉంటుంది. మామూలుగా అయితే క్లోమ నాళం పైత్యరస నాళం పక్కనే కిందికి దిగి దానితో కలుస్తుంది. డివైజమ్‌లో క్లోమ నాళం కిందికి దిగకుండా, పైత్యరస నాళానికి ముందు నుంచి అడ్డంగా దాటి, దానికన్నా పైన పేగులో కలుస్తుంది. బొమ్మలో రెండు తెల్లటి గీతలు ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి. పల్చటి ముక్కలుగా తీసిన సీటీలో కూడా ఓపిగ్గా వెతికితే కనబడుతుంది.

అయితే ఒక హెచ్చరిక. ఎమ్మార్సీపీ రిపోర్టుతోపాటు ఇచ్చే అందమైన బొమ్మ, అంటే చెట్టు కొమ్మల్లాగా నాళాలన్నీ ఒక్కచోట కనిపించేది, అనేక పల్చటి ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి కంప్యూటర్ తయారుచేసింది. వేర్వేరు లోతుల్లో ఉన్న రెండు గీతలు అందులో తాకినట్టు కనిపించవచ్చు. పేషెంటు ఊపిరి బిగపట్టలేకపోతే గీత మధ్యలో తెగినట్టూ కనిపించవచ్చు. అందుకని అసలు ముక్కలను ఒక్కొక్కటిగా చూసి గానీ రిపోర్టు రాయకూడదు. ఆ అందమైన బొమ్మ ఒక్కదాన్ని చూసి డివైజమ్ అని రాసేయడం, లేదని కొట్టేయడం, రెండూ తప్పే.

కాలువ బాగా సన్నగా ఉండి అనుమానం తీరనప్పుడు సెక్రెటిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ బొమ్మలు తీస్తారు. సెక్రెటిన్ అంటే క్లోమాన్ని రసం వదలమని పేగు పంపే కబురు. 1902లో లండన్‌లో బెయ్‌లిస్, స్టార్లింగ్ కనిపెట్టిన తొలి హార్మోన్ ఇదే. ఇంజెక్షన్ ఇచ్చిన మూడు నుంచి ఐదు నిమిషాల్లో కాలువ ఉబ్బి స్పష్టంగా కనిపిస్తుంది, మామూలుగా పది నిమిషాలకల్లా తగ్గుతుంది. తగ్గకుండా ఉబ్బే ఉంటే తూము దగ్గర అడ్డు ఉందేమో అని ఆలోచిస్తాం. కాలువ చివర, తూముకు ఆనుకుని, బుడగలా ఉబ్బితే దాన్ని 'సాంతోరినిసీల్' అంటారు. అదీ ఇరుకుకు ఒక ఆనవాలే. చిక్కేమిటంటే ఈ మందు ఖరీదు, మన దగ్గర అంత తేలిగ్గా దొరకదు.

పాఠ్యపుస్తకాలు తక్కువగా చెప్పే ఇంకో ఉచ్చు ఉంది. అరవై ఏళ్ల మనిషికి కామెర్లు వచ్చాయి, బరువు తగ్గారు, క్లోమం తలలో కాలువ మధ్యలో ఆగిపోయినట్టు కనిపించింది. దాన్ని పొట్టి విర్సుంగ్ కాలువ అనుకుని డివైజమ్ అని రాస్తే, అసలు గడ్డ తప్పించుకుంటుంది. డివైజమ్‌లో ఆ పొట్టి కాలువ క్రమంగా సన్నబడి చిన్న చిన్న కొమ్మలుగా చీలిపోతుంది. గడ్డ నొక్కిన కాలువ కత్తితో కోసినట్టు ఆగుతుంది, దాని పైభాగం ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బిన కాలువ ఏ తూముకు వెళుతోందో చివరిదాకా వెంబడించకుండా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదని జూనియర్లతో రోజూ అంటుంటాను.

దొరికినవాడే దొంగా?

ఇప్పుడు అసలు ప్రశ్న. క్లోమం వాచినవాడిలో డివైజమ్ కనిపిస్తే, వాపుకు అదే కారణమా? ఈ గొడవ దశాబ్దాలుగా నడుస్తోంది. వాదన వినడానికి సబబుగానే ఉంటుంది: లీటరున్నర రసం సన్నటి తూములోంచి పోవాలి, ఒత్తిడి పెరుగుతుంది, వాపు వస్తుంది. మరి అదే నిజమైతే, ఇంతమందిలో ఉన్న ఈ తేడా దాదాపు అందర్నీ ఎందుకు వదిలేస్తోంది?

జన్యువుల వైపు నుంచి ఒక సమాధానం వచ్చింది. 2012లో అచ్చయిన ఒక ఫ్రెంచ్ అధ్యయనంలో, కారణం తెలియని క్లోమ వాపు ఉన్నవాళ్లలో డివైజమ్ మామూలు జనంలో ఉన్నంతే ఉందని తేలింది. కానీ సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో మార్పులున్న వాపు రోగుల్లో మాత్రం దాదాపు సగం మందికి డివైజమ్ ఉంది. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు ఊరుకునే తూము, జన్యుపరమైన మరో బలహీనత తోడైనప్పుడు గొడవకు దిగుతోందేమో అన్న అనుమానం బలపడింది. ఇక్కడ హైదరాబాద్ ప్రస్తావన రావాలి. మన దేశంలో చాలా కాలంగా చూస్తున్న ఒక రకం క్లోమ వ్యాధి ఉంది, గ్రంథిలో రాళ్లు ఏర్పడి చిన్న వయసులోనే షుగర్ తెచ్చేది. ఆ రోగుల్లో స్పింక్-1 జన్యువు మార్పులు ఎక్కువని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు జీర్ణకోశ వైద్యులతో కలిసి 2002లోనే చూపించారు. కాబట్టి మన దగ్గర పదే పదే క్లోమం వాచే కుర్రవాడిలో డివైజమ్ కనిపించగానే కేసు మూసేయడం తొందరపాటు. రాళ్లు, తాగుడు అలవాటు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు, కాల్షియం, కుటుంబ చరిత్ర, అన్నీ చూశాకే ఆ తూము సంగతి.

చికిత్స వైపూ సందేహాలే. చిన్న తూమును ఎండోస్కోపీ ద్వారా కోసి వెడల్పు చేసే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. షార్ప్ అనే పేరుతో దీని మీద ఒక ట్రయల్ జరిగింది. పదే పదే వాపు వస్తున్న సుమారు 150 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు నిజంగా తూము కోశారు, రెండో గుంపుకు ఎండోస్కోపీ చేసి కోయకుండా వదిలేశారు. మళ్లీ వాపు రావడంలో రెండు గుంపుల మధ్య గట్టిగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ ప్రక్రియ వల్లే వాపు వచ్చే ప్రమాదం ఉందని కూడా మరవకూడదు. ఎవరికీ పనికిరాదని దీని అర్థం కాదు. కాలువ స్పష్టంగా ఉబ్బి, తూము దగ్గర బుడగ కట్టినవారి సంగతి వేరుగా చూడాలని చాలామంది వైద్యుల అభిప్రాయం, నాదీ అదే. బొమ్మలో డివైజమ్ ఉంది కనుక కోసేద్దాం అనే రోజులు మాత్రం పోయినట్టే.

నోరు మెదపని కాలువ

ఇక దీనికి పూర్తి విరుద్ధమైనది. క్లోమ నాళం, పైత్యరస నాళం పేగు గోడ లోపల కలవాలి. అక్కడ ఉండే బిగువైన కండర వలయం రెండు రసాలనూ తన అదుపులో ఉంచుతుంది. కొందరిలో ఆ రెండూ పేగు గోడకు బయటే, బాగా పైనే కలిసిపోతాయి. ఉమ్మడి కాలువ మామూలుగా కొన్ని మిల్లీమీటర్లే. అది 15 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలని పాత కొలత, కొందరు 10 అనే అంటారు. కొలత కన్నా ముఖ్యం, ఆ కలయిక కండర వలయం పట్టుకు బయట ఉందా అన్నది.

బయట ఉంటే ఏమవుతుంది? క్లోమ నాళంలో ఒత్తిడి పైత్యరస నాళంలో కన్నా ఎక్కువ. అందుకని క్లోమరసం ఎదురెక్కి పైత్యరస నాళంలోకి, గాల్‌బ్లాడర్‌లోకి పోతుంది. ఏళ్ల తరబడి ఆ గోడలను రేపుతూ ఉంటుంది. పసిపిల్లల్లో, యువతుల్లో కనిపించే పైత్యరస నాళపు ఉబ్బు, దాన్నే కొలెడోకల్ సిస్ట్ అంటారు, చాలామందిలో ఈ కలయికతో ముడిపడి ఉంటుంది. నాళం ఉబ్బకపోయినా గాల్‌బ్లాడర్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే నొప్పి లేకపోయినా, రాళ్లు లేకపోయినా గాల్‌బ్లాడర్ తీసేయమని సలహా ఇస్తారు. జపాన్‌లో దీని మీద పని ఎక్కువగా జరిగింది, ఆసియా వాళ్లలో ఇది ఎక్కువ కూడా.

స్కాన్‌లో ఇది దొరకాలంటే నాళాలు కలిసే ఆ చివరి సెంటీమీటరు మీద కన్నుండాలి. అల్ట్రాసౌండ్‌లో ఒక్క ఆధారం ఉంది: రాళ్లు లేకుండా గాల్‌బ్లాడర్ గోడ లోపలి పొర మందంగా కనిపించడం. చిన్న వయసు స్త్రీలో అలా కనిపిస్తే ఎమ్మార్సీపీకి పంపడం మంచిది. డివైజమ్ గురించి రిపోర్టులో ఒక పేరా రాసి, ఈ ఉమ్మడి కాలువ పొడవు కొలవకుండా వదిలేసిన రిపోర్టులు చూసినప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

ఉంగరం, ఖాళీ పాన్పు

ముందు మొగ్గ చుట్టి రావాల్సిన సమయంలో దాని కొస పేగుకు అంటుకుపోతే, మొగ్గ సాగి పేగు చుట్టూ ఉంగరంలా చుట్టుకుంటుంది. దీన్ని 1818లో టీడెమాన్ అనే జర్మన్ శరీరశాస్త్రవేత్త వర్ణించాడు. పసిబిడ్డకు ఇది పుట్టిన మొదటి రోజుల్లోనే తెలుస్తుంది: పాలు ఇమడవు, ఎక్స్‌రేలో రెండు గాలి బుడగలు పక్కపక్కనే కనిపిస్తాయి, ఒకటి జీర్ణాశయం, రెండోది ఉబ్బిన పేగు మొదలు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువ. పెద్దవాళ్లలో మాత్రం నలభై, యాభై ఏళ్లకు వాంతులో, అల్సరో, క్లోమ వాపో వచ్చి బయటపడుతుంది, లేదా వేరే పని మీద తీసిన సీటీలో దొరుకుతుంది.

సీటీలో పూర్తి ఉంగరం కోసం వెతికితే చాలామందిని వదిలేస్తాం. ఎక్కువగా కనిపించేది తెగిన ఉంగరం: పేగుకు ముందు కొంత, వెనక కొంత క్లోమం, మొసలి నోరు తెరిచి పేగును కరిచి పట్టుకున్నట్టు. పేగుకు వెనక, పక్కగా క్లోమం ఛాయ కనిపించిందంటేనే అనుమానించాలి. సర్జన్లు ఈ ఉంగరాన్ని కోయరు, ఎందుకంటే అందులోంచి నాళం వెళుతూ ఉండొచ్చు, కోస్తే రసం కారుతూనే ఉంటుంది. ఉంగరాన్ని అలాగే వదిలేసి, ఇరుకుకు పైనున్న పేగును కిందిదానికి కలిపి దారి మళ్లిస్తారు.

రెండో మొగ్గ, పెద్దది, అసలు పెరగకపోతే? క్లోమం తల మాత్రమే ఉంటుంది, నడుము, తోక ఉండవు. ఇది నిజంగా అరుదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలు తోక వైపు ఎక్కువ కాబట్టి వీళ్లలో దాదాపు సగం మందికి షుగర్ ఉంటుంది. క్లోమం మొత్తంగా లేకుండా పుట్టిన బిడ్డల్లో 1997లో పీడీఎక్స్-1 జన్యువు, 2012లో గాటా-6 జన్యువు మార్పులు దొరికాయి.

దీని గుర్తింపు నాకు చాలా ఇష్టమైన విషయం, ఎందుకంటే ఇక్కడ లేనిదాన్ని చూడాలి. సీటీలో క్లోమం తోక కనబడకపోతే రెండు అవకాశాలు. ఒకటి, తోక అసలు లేదు. రెండు, తోక ఉంది కానీ మొత్తం కొవ్వుగా మారిపోయి చుట్టూ ఉన్న కొవ్వులో కలిసిపోయింది. తేల్చేది పక్కింటివాళ్లు. ప్లీహం నుంచి వచ్చే సిర క్లోమం వెనకగా పాకుతుంది. తోక కొవ్వుగా మారినా చోటు మాత్రం ఖాళీ చేయదు, సిరకు ముందు కొవ్వు పరుపులా ఉంటుంది. తోక అసలు లేనివాళ్లలో ఆ పాన్పు ఖాళీ, కాబట్టి వెల్లకిలా పడుకోగానే జీర్ణాశయమో పేగో జారి వచ్చి నేరుగా ఆ సిరకు ఆనుకుంటుంది. ఒక్క చూపులో తేలిపోతుంది. మూడో అవకాశం కూడా మరవకూడదు: క్లోమం తలకూ నడుముకూ మధ్య, 'మెడ' అనే చోట, చిన్న గడ్డ ఉండి, దాని వెనక భాగమంతా ఎండిపోవడం. అందులో ఎండిన తోక మధ్య ఉబ్బిన నాళం కనిపిస్తుంది.

సర్జన్ కోసం రాసే వాక్యం

కొందరిలో, నూటికి ఒకరిద్దరిలో, క్లోమం పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే పెద్ద సిర) చుట్టూ మఫ్లర్‌లా చుట్టుకుని ఉంటుంది. మనిషికి దీనివల్ల ఏ బాధా లేదు. అయితే అతనికి ఎప్పుడైనా క్లోమం తల తీసే విపుల్ ఆపరేషన్ అవసరమైతే, సర్జన్ ఒక చోట కోయాల్సింది రెండు చోట్ల కోయాలి, కుట్టాలి. సిర వెనక ఉన్న కొస కారితే ప్రమాదం. అందుకే ఇది రిపోర్టులో ఒక వాక్యంగా ఉండి తీరాలి. దాన్ని చూడాలంటే కాంట్రాస్ట్, అంటే రక్తనాళాలను వెలిగించే మందు, సిరలోకి ఇచ్చి సుమారు 70 సెకన్ల దగ్గర తీసిన సీటీ ముక్కల్లో, సిరకు ఎడమవైపు, వెనకవైపు క్లోమం అంచు ఎక్కడ ఆగిందో చూస్తే చాలు.

జీర్ణాశయం గోడలోనో, పేగులోనో పొరపాటున మొలిచిన క్లోమం ముక్క సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎండోస్కోపీలో మధ్యలో బొడ్డులా గుంట ఉన్న చిన్న బొడిపెగా కనిపిస్తుంది. సీటీలో గుండ్రంగా కాకుండా పేగు గోడ వెంట పడుకున్నట్టు చదునుగా, అంచులు మసకగా ఉంటుంది. అలా ఉంటే గడ్డ అని భయపడాల్సిన పని తగ్గుతుంది.

రెండు మొగ్గల చరిత్ర ఇంకో తమాషా చేస్తుంది. వయసు పైబడ్డాక, లావెక్కాక క్లోమంలో కొవ్వు చేరుతుంది, కానీ పెద్ద మొగ్గ నుంచి వచ్చిన భాగంలో ఎక్కువ, చిన్న మొగ్గ భాగంలో తక్కువ. దాంతో అల్ట్రాసౌండ్‌లో క్లోమం తలలో తెల్లటి భాగం పక్కన నల్లటి ముక్క గీత గీసినట్టు విడిగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు గడ్డ అనుకుంటారు. నాళాలు పక్కకు నెట్టబడకుండా నిటారుగా దాంట్లోంచి పోతుంటే అది గడ్డ కాదు. అనుమానం మిగిలితే కొవ్వును విడిగా చూపించే ఎమ్మారై బొమ్మలు ఆ పంచాయితీ తీరుస్తాయి.

అల్ట్రాసౌండ్ అన్నాను కదా, ఒక చిన్న మాట. రిపోర్టులో 'గ్యాస్ వల్ల క్లోమం పూర్తిగా కనబడలేదు' అని రాస్తే, పేషెంట్లు మాకు గ్యాస్ ట్రబుల్ ఉందని రాశారనుకుని గ్యాస్ మాత్రలు కొనుక్కుంటారు. మేం చెప్పేది వేరు: పేగులోని గాలి అడ్డుపడి తోక మాకు కనబడలేదు, బాగుందో లేదో మాకు తెలియదు. నార్మల్ అని మాత్రం మేం చెప్పలేదు.

మళ్లీ ఆ మొదటి పేషెంటు దగ్గరికి వస్తే, ఆయన తెచ్చింది ఫోన్‌లో ఫొటో. సీడీ తెమ్మన్నాను. రెండు రోజుల తర్వాత తెచ్చారు. ముక్కలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. కాలువలు దాటుతున్న మాట నిజమే, డివైజమ్ ఉంది. కానీ కాలువ రెండు మిల్లీమీటర్లే, చివర బుడగ లేదు, ఉమ్మడి కాలువ సమస్యా లేదు. గాల్‌బ్లాడర్ అడుగున మాత్రం పల్చటి మడ్డిలాంటి పొర ఉన్నట్టు అనిపించింది. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి గుండా పంపే గొట్టం కొసన అల్ట్రాసౌండ్ ఉండే పరీక్ష) చేయిస్తే ఆవగింజల కన్నా చిన్న రాళ్లు, మడ్డి బయటపడ్డాయి. గాల్‌బ్లాడర్ తీశారు. ఆ తర్వాత మళ్లీ వాపు రాలేదు.

పిల్లలకు స్కాన్ అక్కర్లేదని చెప్పాను. ఆ సీడీని మాత్రం జాగ్రత్తగా దాచుకోమన్నాను. రేపెప్పుడైనా ఆయన క్లోమ నాళంలోకి ఎండోస్కోపీతో వెళ్లాల్సిన అవసరం వస్తే, చేసే డాక్టరు పెద్ద తూములో తీగ తోసి అరగంట వెతుక్కోనక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల పైన ఇంకో తూముందని ముందే తెలుస్తుంది.